అమ్ముగూడ కుర్రాడు, ఈస్ట్ బెంగాల్ కెప్టెన్



మన హాస్టల్ గదుల గోడల మీద ఎవరెవరి బొమ్మలున్నాయో ఒకసారి గుర్తు చేసుకోండి. హాలులో అంబేద్కర్, ఫూలే ఉంటారు. గదుల్లోకి వెళితే సినిమా హీరోలు, క్రికెట్ ఆటగాళ్ళు ఉంటారు. ఎవరి అభిమానం వారిది, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయితే ఏ గదిలోనూ కనిపించని ఒక మనిషి గురించి ఈ వార్షికోత్సవ సంచికలో రాయాలని నాకు అనిపించింది. ఆయన పేరు తులసీదాస్ బలరాం. 1936లో సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో, ఒక పేద ఇంట్లో పుట్టారు. భారతదేశం తరఫున రెండు ఒలింపిక్స్‌లో ఫుట్‌బాల్ ఆడారు. కలకత్తాలో ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు కెప్టెన్ అయ్యారు. 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశారు. అమ్ముగూడ ఎక్కడో మన ఊళ్ళలో అందరికీ తెలుసు. ఆ అమ్ముగూడ నుండి ఎవరు వెళ్ళారో చాలామందికి తెలియదు.

ఫిలింనగర్‌లో లేని కథ

ఆదివారం వస్తే మనలో చాలామంది జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర బస్సు దిగుతారు. ఫిలింనగర్ దాకా నడిచి, గేట్ల ముందు నిలబడి, ఏ కారులో ఎవరు వస్తారా అని చూస్తారు. మన సీనియర్లు కొందరు కృష్ణానగర్‌లో గది తీసుకుని అవకాశాల కోసం తిరుగుతున్నారు. మన హాస్టల్ పిల్లవాడికి ఆ కొండ మీద ఉన్నది ఒక కలల బజారు. అక్కడ ఒక కథ నూటికి తొంభై సార్లు ఒకే తీరుగా నడుస్తుంది. పేదింటి కుర్రాడు, అవమానం, ఒక పాట, పాట అయ్యేసరికి గెలుపు. నాలుగు నిమిషాల పాటలో కండలు పెరుగుతాయి, ఆట వస్తుంది, శత్రువు ఓడిపోతాడు.

ఆటల మీద సినిమాలు మన వాళ్ళు తీయలేదని నేననను. 2003లో ‘ఒక్కడు’ కబడ్డీ ఆటగాడి కథ. 2004లో ‘సై’ రగ్బీ మీద వచ్చింది. 2019లో ‘జెర్సీ’ క్రికెట్ మీద, 2021లో ‘ఏ1 ఎక్స్‌ప్రెస్’ హాకీ మీద వచ్చాయి. అన్నీ కల్పిత కథలే, బాగున్నవి బాగానే ఉన్నాయి. కానీ మన నేల మీద నిజంగా పుట్టి, నిజంగా ఆడి, నిజంగా గెలిచిన వాళ్ళ కథలు ఎవరు తీశారో చూడండి. మన హైదరాబాదీ కోచ్ రహీం సాబ్ మీద 2024లో ‘మైదాన్’ వచ్చింది. అది ముంబైలో తయారైన హిందీ సినిమా. మన సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ 2014 మే 25న పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ మీద 2017లో సినిమా వచ్చింది. అదీ హిందీదే. ఇంటి దీపం వెలుగు పక్కింటి వాళ్ళకు కనిపించింది, మనకు కనిపించలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా?

సైకిల్ ఇచ్చిన గురువు

బలరాం కథ అర్థం కావాలంటే ముందు రహీం సాబ్ గురించి తెలియాలి. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. ఉస్మానియాలో చదువుకున్నారు. హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టును ఆయన తీర్చిదిద్దారు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ తెచ్చింది. ఇప్పుడు కృష్ణానగర్ పక్కన యూసుఫ్‌గూడ పోలీస్ గ్రౌండ్స్‌లో సినిమా ప్రీ రిలీజ్ ఫంక్షన్లు జరుగుతున్నాయి, వేలమంది కుర్రాళ్ళు పాసుల కోసం తోసుకుంటున్నారు. పోలీసు అంటే ఒకప్పుడు ఈ నగరంలో దేశంలోకెల్లా గొప్ప ఫుట్‌బాల్ జట్టు అనే అర్థం కూడా ఉండేదని ఆ తోపులాటలో ఉన్న ఎంతమందికి తెలుసు?

అలాంటి రహీం సాబ్ కంట్లో అమ్ముగూడ కుర్రాడు పడ్డాడు. ఆ కుర్రాడికి బూట్లు కొనే స్తోమత లేదు. పాత పోలీసు బూట్లు విప్పి, ఆ తోలుతో కుట్టి ఇచ్చిన బూట్లతో ఆట మొదలుపెట్టానని బలరాం గారే తరువాతి రోజుల్లో చెప్పుకున్నారు. ఎంపిక శిబిరానికి రమ్మంటే, అంత దూరం రోజూ వచ్చిపోవడానికి డబ్బులు లేవన్నాడట. అప్పుడు రహీం సాబ్ సైకిల్ ఏర్పాటు చేశారని చెబుతారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఆ సైకిల్ లేకపోతే ఏమయ్యేది? అమ్ముగూడలో సాయంత్రం పూట బాగా బంతి ఆడే కుర్రాడొకడు ఉండేవాడు. కొన్నాళ్ళకు ఏదో పనిలో చేరేవాడు. ఊరివాళ్ళు ‘చిన్నప్పుడు బాగా ఆడేవాడు’ అనుకునేవాళ్ళు. అంతే. ప్రతిభ లేక ఆగిపోయిన వాళ్ళకంటే చార్జీ లేక ఆగిపోయిన వాళ్ళే మన ఊళ్ళలో ఎక్కువ. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేను. ఫీజుకు ప్రభుత్వం స్కాలర్‌షిప్ ఇచ్చింది, భోజనం హాస్టల్ పెట్టింది, కానీ ఎంట్రన్స్ పరీక్ష రాసే ఊరికి వెళ్ళే బస్సు చార్జీకి మా అమ్మ ఇద్దరి దగ్గర అప్పు అడగాల్సి వచ్చింది. ఈ మాట చదువుతున్న వాళ్ళలో చాలామంది ఇళ్ళలో ఇదే జరిగి ఉంటుంది. అందుకే ఆ సైకిల్ విలువ మనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

రహీం సాబ్ నమ్మకం వమ్ము కాలేదు. రైడర్స్ క్లబ్బుకు, సిటీ పోలీస్ జట్టుకు బలరాం ఆడారు. 1956-57లోనూ ఆ మరుసటి ఏడూ హైదరాబాద్ సంతోష్ ట్రోఫీ గెలిచిన జట్టులో ఉన్నారు. ఇరవై ఏళ్ళకే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళారు. ఆ ఒలింపిక్స్‌లో భారత జట్టు నాలుగో స్థానంలో నిలిచింది.

కలకత్తాలో ఆరు సీజన్లు

1957లో బలరాం ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. అది ఎలాంటి రచ్చో మనం తెలుసుకోవాలి. కలకత్తాలో ఫుట్‌బాల్ అంటే ఆట ఒక్కటే అనుకుంటే పొరపాటు. 1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్ క్లబ్బు పేరులోనే తూర్పు బెంగాల్ ఉంది. 1947లో దేశం విడిపోయాక ఆ తూర్పు బెంగాల్ పరాయి దేశమైంది. ఇల్లూ పొలమూ వదిలి కట్టుబట్టలతో కలకత్తా చేరిన లక్షలమందికి, పోయిన ఊరి పేరు మిగిలిన చోటు ఆ క్లబ్బు. ఎరుపు, బంగారు రంగుల చొక్కా వాళ్ళకు జెండా లాంటిది. ఎదురుగా మోహన్ బగాన్. ఆ రెండు జట్లు ఆడిన రోజున కలకత్తా రెండుగా చీలిపోతుంది.

అలాంటి జనం మధ్యకు భాష రాని, బంధువులు లేని హైదరాబాద్ కుర్రాడు వెళ్ళాడు. 1957లో డి.సి.ఎం. ట్రోఫీ, 1958లో ఐ.ఎఫ్.ఏ. షీల్డ్, 1960లో మళ్ళీ డి.సి.ఎం. ట్రోఫీతో పాటు మోహన్ బగాన్‌తో కలిసి డ్యూరాండ్ కప్ ఆ క్లబ్బుకు వచ్చాయి. 1958-59లో బెంగాల్ తరఫున కూడా ఆడి సంతోష్ ట్రోఫీ గెలిచారు. 1961లో ఆయన్ను కెప్టెన్ చేశారు. 1952 తరువాత తొమ్మిదేళ్ళుగా అందని కలకత్తా లీగ్ ఆ ఏడాది ఈస్ట్ బెంగాల్‌కు దక్కింది. ఆ సీజన్‌లో లీగ్‌లో అత్యధిక గోల్స్ కూడా కెప్టెన్‌వే. అదే ఏడాది ఐ.ఎఫ్.ఏ. షీల్డ్‌ను మోహన్ బగాన్‌తో పంచుకున్నారు. 1962లో ఇంకొక విచిత్రం జరిగింది. రోవర్స్ కప్ ఫైనల్‌లో ఈస్ట్ బెంగాల్‌కు ఎదురుగా నిలిచింది ఆంధ్రా పోలీస్, అంటే బలరాం ఎదిగి వచ్చిన పాత హైదరాబాద్ జట్టు వారసులే. ఆ కప్పును రెండు జట్లూ పంచుకున్నాయి. ఈస్ట్ బెంగాల్ కోసం ఆయన చేసిన గోల్స్ మొత్తం 104.

ఊరు పోగొట్టుకున్న వాళ్ళు ఊరు వదిలి వచ్చినవాణ్ణి నాయకుడిగా ఒప్పుకున్నారు. నీది ఏ ఊరు, ఏ కులం, మా భాష వచ్చా అని అడగడం మాని, బంతి ఎవరి కాలిలో ఉంటే ధైర్యమో అతని వెంట నిలబడ్డారు. హాస్టల్‌లో ఉండే మనకు ఈ సంగతి కొత్తగా ఉండకూడదు. మనమూ ఒక్కొక్క ఊరి నుండి, ఒక్కొక్క గూడెం నుండి, ఒక్కొక్క తండా నుండి వచ్చి ఒకే మెస్సులో తింటున్నాం. మనం కూడా ఇలా ఒకరినొకరు ఒప్పుకుంటున్నామా అని మనల్ని మనం అడగాలి.

మెడల్ గొప్పదా, క్లబ్బు గొప్పదా?

బలరాం పేరు ఎక్కడైనా వస్తే ఒలింపిక్స్ గురించే రాస్తారు. రాయాల్సిందే. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత జట్టు చేసింది మొత్తం మూడు గోల్స్. అందులో రెండు బలరాంవి, ఒకటి పి.కె. బెనర్జీది. హంగేరీ చేతిలో 2-1తో ఓడిన మ్యాచ్‌లో మన ఒక్క గోల్ బలరాం చేసిందే. ఆ హంగేరీ చివరికి కాంస్య పతకం గెలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో రహీం సాబ్ జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం గెలిచింది. ఆ జట్టులోనూ బలరాం ఉన్నారు. చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం ముగ్గురినీ కలిపి చెప్పడం అప్పటి నుండి ఆనవాయితీ అయింది.

అయినా నా అభిప్రాయంలో ఆయన గొప్పతనం క్లబ్బు ఆటలోనే ఎక్కువగా కనిపిస్తుంది. ఒలింపిక్స్ నాలుగేళ్ళకొకసారి వచ్చే పండగ. ఆ రోజున ఒళ్ళు దానంతటదే పూనకంలో ఆడుతుంది. దేశం మొత్తం చూస్తోందన్న బలం ఉంటుంది. క్లబ్బు ఆట అలాంటిది కాదు. కలకత్తా వానాకాలం, మోకాళ్ళ దాకా బురద, ఎదురుగా పేరు లేని చిన్న జట్టు, నిన్నటి దెబ్బ ఇంకా మానలేదు, అయినా ఆడాలి. గెలిస్తే రేపటికి మరచిపోతారు, ఓడితే వారం దాకా తిడతారు. అలా ఆరు సీజన్లు, 104 సార్లు బంతిని వలలో వేయడానికి పూనకం సరిపోదు. రోజూ ఒకే వేళకు లేచే అలవాటు కావాలి. సినిమా పాటలో ఆ నాలుగు నిమిషాల్లో దాటవేసేది సరిగ్గా ఈ ఆరేళ్ళనే.

మన చదువు కూడా క్లబ్బు ఆట లాంటిదే. ర్యాంకు వచ్చిన రోజు పేపర్లో ఫోటో పడుతుంది. ఆ రోజుకు ముందు, కరెంటు పోయిన రాత్రులు, పురుగులున్న అన్నం, అర్థం కాని ఇంగ్లీషు పాఠం, ఇంటి నుండి వచ్చిన చెడువార్త, ఇవన్నీ లీగ్ మ్యాచ్‌లు. వాటిని ఎవరూ చూడరు. వాటిని గెలిచినవాడే చివరికి నిలబడతాడు. బలరాం నుండి మనం నేర్చుకోవాల్సింది ఇదే అని నేను నమ్ముతున్నాను.

ఇరవై ఏడేళ్ళకే ముగిసిన ఆట

1963లో ఆయన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, అంటే బి.ఎన్.ఆర్. జట్టుకు మారారు. అప్పట్లో ఇప్పటిలాగా కోట్ల కాంట్రాక్టులు లేవు. ఆటగాడికి బతుకుతెరువు అంటే రైల్వేలోనో, పోలీసులోనో, మిలిటరీలోనో ఉద్యోగం. ఆ ఏడాది బి.ఎన్.ఆర్. ఐ.ఎఫ్.ఏ. షీల్డ్ గెలిచింది. అదే ఏడాది జూన్ 11న రహీం సాబ్ క్యాన్సర్‌తో చనిపోయారు. అదే ఏడాది బలరాం ఊపిరితిత్తుల పొరకు జబ్బు చేసి ఆట మానేయాల్సి వచ్చింది. అప్పటికి ఆయన వయసు ఇరవై ఏడుకు అటూ ఇటూ. మనలో కొందరు ఆ వయసుకు ఇంకా పోటీ పరీక్షలు రాస్తూనే ఉంటాం.

తరువాత కోచ్‌గా పనిచేశారు. హుగ్లీ నది ఒడ్డున ఉత్తరపాడాలో ఒంటరిగా జీవించారు. పెళ్ళి చేసుకోలేదు. 1962లో అర్జున అవార్డు వచ్చింది. చునీ గోస్వామికి 1983లో, పి.కె. బెనర్జీకి 1990లో పద్మశ్రీ ఇచ్చారు. వాళ్ళు అర్హులే, అందులో అనుమానం లేదు. ముగ్గురిలో మూడోవాడికి మాత్రం చనిపోయే వరకూ ఇవ్వలేదు. బెంగాల్‌కు ఆయన హైదరాబాద్ వాడు. హైదరాబాద్‌కు ఆయన కలకత్తా వెళ్ళిపోయినవాడు. రెండు ఊళ్ళ మధ్య అడిగేవాడు లేకుండా పోయాడు. ‘మైదాన్’ సినిమా థియేటర్లలోకి వచ్చేసరికి ఆయన పోయి ఏడాది దాటింది.

‘విషాదం ఎవరు చూస్తారు?’

ఈ విషయం మాట్లాడితే సినిమా పిచ్చి ఉన్న మిత్రులు ఒక మాట అంటారు. ‘చివర్లో హీరో జబ్బుపడి ఒంటరిగా మిగిలిపోయే కథ ఎవరు చూస్తారు? ఫుట్‌బాల్ మన జనానికి ఎక్కదు’ అని. మొదటి మాటకు జవాబు ఫిలింనగర్‌లోనే ఉంది. 2018లో సావిత్రి గారి జీవితం మీద ‘మహానటి’ వచ్చింది. ఆవిడ కథ ఎలా ముగుస్తుందో టిక్కెట్ కొన్న ప్రతి ఒక్కరికీ ముందే తెలుసు. అయినా జనం వెళ్ళారు, ఏడ్చారు, మళ్ళీ వెళ్ళారు. నిజాయితీగా చెబితే మన ప్రేక్షకుడు దుఃఖానికి భయపడడు.

రెండో మాటకు జవాబు చరిత్ర చెబుతుంది. ఫుట్‌బాల్ మనకు ఎక్కదంటే, బలరాం తరువాత మహమ్మద్ హబీబ్ ఈ నగరం నుండే ఎలా వెళ్ళారు? ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడి, 1977లో పీలే ఉన్న కాస్మోస్ జట్టు మీద ఈడెన్ గార్డెన్స్‌లో గోల్ చేసినవాడు మన హబీబే. ఆయన కూడా 2023లోనే, ఆగస్టు 15న పోయారు. షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ ఈ నగరం వాళ్ళే. నిన్న మొన్నటి సంగతి చూస్తే, నిజామాబాద్ జిల్లా తండా బిడ్డ గుగులోత్ సౌమ్య క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు ఆడి వచ్చింది. 2024-25లో ఈస్ట్ బెంగాల్ మహిళల జట్టు జాతీయ లీగ్ గెలిచినప్పుడు ఆ జట్టులో ఉంది. బలరాం వేసుకున్న ఎరుపు, బంగారు చొక్కా అరవై ఏళ్ళ తరువాత మన ఆడబిడ్డ వేసుకుంది. ఆట చావలేదు, మన చూపే పక్కకు పోయింది.

చూపు పక్కకు పోతే ఏమవుతుందో కూడా చూశాం. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్.సి. 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయింది. నగరంలో ఎంతమంది బాధపడ్డారు?

మనం చేయగలిగినవి

ప్రభుత్వం చేయాలి, సినిమావాళ్ళు తీయాలి అని రాసి ముగించడం తేలిక. నేను మనం చేయగలిగినవే చెబుతాను.

మొదటిది, మన హాస్టల్ ఆటల గదిలో తులసీదాస్ బలరాం ఫోటో పెడదాం. కింద రెండే మాటలు రాద్దాం, అమ్ముగూడ అని, 104 అని. అడిగిన ప్రతి జూనియర్‌కూ కథ చెబుదాం.

రెండోది, పూర్వ విద్యార్థులకు నా విన్నపం. ప్రతి ఏటా వార్షికోత్సవానికి మీరు వచ్చి ఫ్యాన్లు, ప్లేట్లు, పుస్తకాలు ఇస్తున్నారు, సంతోషం. ఈ ఏడాది నుండి ఒక చిన్న నిధి పెట్టండి. జిల్లా, రాష్ట్ర ఎంపికలకు వెళ్ళే పిల్లవాడికి బస్సు చార్జీ, బూట్లు, ఆ రెండు రోజుల భోజనం, అంతకుమించి అక్కరలేదు. దాన్ని ‘సైకిల్ నిధి’ అని పిలుద్దాం. ఆటకే కాదు, ఎంట్రన్స్ పరీక్షకు వెళ్ళేవాళ్ళకూ ఇద్దాం. రహీం సాబ్ కోటీశ్వరుడు కాదు, బడిపంతులు. మన పూర్వ విద్యార్థులలో ఇప్పుడు ఎందరో టీచర్లు, కానిస్టేబుళ్ళు, క్లర్కులు ఉన్నారు. ఒక సైకిల్ పాటి మేలు చేయడానికి ఆ ఉద్యోగాలు చాలు.

మూడోది, సాయంత్రం ఒక గంట ఆటకు వదలండి. ఆడపిల్లల హాస్టళ్ళలో మరీ ముఖ్యంగా వదలండి. ఆడుకునే పిల్ల చదువు చెడుతుందన్న భయం మనలో ఇంకా ఉంది. సౌమ్యను, పూర్ణను చూసిన తరువాత కూడా ఆ భయం పెట్టుకోవడం అన్యాయం.

నాలుగోది, కృష్ణానగర్‌లో ఉన్న మన సీనియర్లకు. అన్నలూ, మీ బ్యాగుల్లో ఎన్నో కథలు తిరుగుతున్నాయని తెలుసు. ఆ కథల్లో ఇది కూడా ఒకటి పెట్టుకోండి. కొండ మీద ఉన్నవాళ్ళు వినకపోవచ్చు. వినేవాడు ఒకడు దొరికిన రోజున చెప్పడానికి మీ దగ్గర కథ సిద్ధంగా ఉండాలి. ఆ కథలో దయచేసి పాటతో పని కానివ్వకండి. బురదను, సైకిల్‌ను, ఆరు సీజన్లను చూపించండి.

ఆఖరుగా జూనియర్ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. మీరు అభిమానించే హీరోల బొమ్మలు గోడ మీద నుండి తీసేయమని ఎవరూ అనరు. వాటి పక్కన కాస్త చోటు ఉంచండి. పాత పోలీసు బూట్లతో మొదలై, ఊరుకాని ఊరిలో పరాయి జనం నాయకుడిగా నిలిచిన మనిషికి ఆ చోటు ఇవ్వండి. ఆయనకు పద్మశ్రీ ఇవ్వడం మన చేతిలో లేదు. ఆయన పేరు గుర్తుపెట్టుకోవడం మన చేతిలో ఉంది.

ఎం.ఏ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి